వ్యామ్ బస్తా కన్నా ముందు డీఏపీ బస్తా సంగతి చూడాలి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నల్లరేగడిలో నాలుగెకరాల మిరప వేస్తాను, బోరు కింద డ్రిప్పు ఉంది. నారు షేడ్‌నెట్ నర్సరీలో కొంటాను. రెండేళ్లుగా ఎకరాకు నాలుగు కిలోల వ్యామ్ (వేళ్లలో చేరి మొక్కకు భాస్వరం అందించే శిలీంధ్రం ఉన్న జీవన ఎరువు) తెచ్చి ఆఖరి దుక్కిలో డీఏపీతో కలిపి చల్లుతున్నాను. పక్క చేనుకూ నా చేనుకూ తేడా ఏమీ కనపడలేదు. భూసార పరీక్ష కార్డులో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చింది. అయినా డీఏపీ ఆపితే మొక్క ఎదగదేమోనని భయం. పంట మొత్తానికి ఎకరాకు నాలుగు బస్తాలు పడుతోంది. వేసవి దుక్కి దున్నితే భూమిలోని మంచి బూజు చస్తుందని ఒకరు, దున్నకపోతే పురుగు చావదని ఇంకొకరు అంటున్నారు. మొక్కలు వడలిపోతుంటే వాటి మొదళ్లలో కార్బెండజిమ్ అనే తెగులు మందు పోస్తున్నాం, అదీ తప్పేనా? ట్రైకోడెర్మా లాగా వ్యామ్‌ని కూడా డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి పెంచుకోవచ్చా? – ఒక మిరప రైతు

సమాధానం: మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలినట్టే.

డ్రమ్ములో వ్యామ్ పెరగదు. బెల్లం పోసినా, శనగపిండి కలిపినా పెరగదు. తెగుళ్లను అణచడానికి వాడే ట్రైకోడెర్మా చచ్చిన పదార్థం తిని బతికే శిలీంధ్రం. అందుకే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా వారం రోజులు ఉంచితే కుప్పంతా అల్లుకుపోతుంది. వ్యామ్ అలాంటిది కాదు. బతికున్న వేరు లోపలికి చేరి, ఆ మొక్క ఇచ్చే చక్కెర, కొవ్వు తింటేనే దానికి బతుకు. ఢిల్లీలోని టెరి పరిశోధన సంస్థ వ్యామ్‌ను ప్రయోగశాలలో పెంచుతోంది కదా అంటారేమో, అక్కడా గాజు పాత్రల్లో ముందు వేళ్లను పెంచి, వాటి మీదే శిలీంధ్రాన్ని పెంచుతారు. వేరు లేకుండా పని జరగదు. కాబట్టి డ్రమ్ములో పులిసి నురగ కక్కేది ఇంకేదైనా సూక్ష్మజీవి కావచ్చు గానీ వ్యామ్ మాత్రం కాదు.

బతికున్న వేరు లేనిదే ఈ శిలీంధ్రం లేదన్న ఒక్క మాట గుర్తుంచుకుంటే, సేద్యంలో ఏ పని దానికి మేలు, ఏ పని కీడు అన్నది మీకే తడుతుంది.

ఇంతకీ అది చేసే పని ఏమిటి? నత్రజని నీళ్లతో పాటు కదిలి వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం అలా రాదు. నల్లరేగడిలో సున్నం దాన్ని పట్టేసుకుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరం లాగేసుకున్నాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. వ్యామ్ పోగులు ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పాకి, అక్కడి భాస్వరాన్ని, జింకును వేరులోకి చేరవేస్తాయి. వేరు దూరలేని సందుల్లోకి కూడా దూరేంత సన్నం అవి. బదులుగా మొక్క తాను తయారుచేసుకున్న ఆహారంలో నూటికి 4 నుంచి 20 పాళ్ల వరకు వాటికి ఇస్తుంది. ఇది చిన్న ఖర్చు కాదు. అవసరం లేనప్పుడు మొక్క ఈ ఖర్చు పెట్టుకోదు.

ఒక అపోహ కూడా తీర్చాలి. మట్టి తవ్వినప్పుడో, గడ్డి పరుపు ఎత్తినప్పుడో తెల్లటి పోగులు కనిపిస్తే "ఇదిగో మీ వ్యామ్" అని చూపించేవాళ్లున్నారు. అవి చాలా మటుకు చెత్తను కుళ్లబెట్టే మామూలు బూజులు. మొక్క మొదట్లో తెల్లటి పోగులు, వాటి మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తే అది మొదలుకుళ్లు తెగులు, సంతోషించాల్సిన విషయం కాదు. వ్యామ్ కంటికి కనపడదు. సన్నటి పిల్లవేళ్లను క్షారంలో మరిగించి రంగు పోగొట్టి, నీలం రంగు ఎక్కించి సూక్ష్మదర్శిని కింద పెడితే అప్పుడు కనిపిస్తుంది. వేరు కణాల వరుసల మధ్య నీలం దారాలు, అక్కడక్కడ నూనె నిండిన గుండ్రటి తిత్తులు, కణం లోపల కొమ్మలు వేసిన బుల్లి చెట్టు లాంటి ఆకారం ఉంటాయి. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఆ బుల్లి చెట్టు దగ్గరే. దాని ఆయుష్షు కొద్ది రోజులే. పాతవి కరిగిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి.

ఇప్పుడు డీఏపీ. నీటి వసతి కింద మిరపకు శాస్త్రవేత్తలు చెప్పే మోతాదు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. యాభై కిలోల డీఏపీ బస్తా ఒక్కదానిలో 23 కిలోల భాస్వరం ఉంది. అంటే ఒక్క బస్తాతో పంట మొత్తానికి కావలసింది దాదాపు తీరిపోయింది. మీరు నాలుగు వేస్తున్నారు, అంటే 92 కిలోలు. మిగిలిందంతా ఏటికేడు నేలలో పేరుకుంటోంది. మీ కార్డు మీద 'ఎక్కువ' అని వచ్చింది అందుకే.

డీఏపీ విషంలా శిలీంధ్రాన్ని చంపేస్తుందని కొందరు ప్రచారం చేస్తారు. జరిగేది అది కాదు. భాస్వరం కరువైన మొక్క, వేళ్ల నుంచి స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాన్ని మట్టిలోకి వదులుతుంది. ఆ కబురు అందుకున్న వ్యామ్ పోగులు కొమ్మలు వేసి వేరు వైపు సాగుతాయి. జపాన్ శాస్త్రవేత్తలు ఈ గుట్టును 2005లో బయటపెట్టారు. (జొన్న వేళ్ల మీద పడి బతికే మల్లె (స్ట్రైగా) అనే కలుపు గింజ మొలకెత్తేది కూడా ఈ కబురు విన్నాకే. మంచివాడి కోసం పెట్టిన కేక దొంగ కూడా విన్నాడన్నమాట.) భాస్వరం దండిగా ఉన్న నేలలో మొక్క ఈ పదార్థాన్ని వదలడం బాగా తగ్గించేస్తుంది. కడుపు నిండినవాడు అన్నం కోసం పక్కింటి తలుపు తట్టడు కదా. మీరు వ్యామ్‌ని డీఏపీతోనే కలిపి చల్లారు, అంటే పిలుపు లేని చోటికి పంపారు.

పైగా లెక్క చూడండి. ఎకరా అంటే సుమారు నాలుగు వేల చదరపు మీటర్లు. నాలుగు కిలోలు చల్లితే చదరపు మీటరుకు ఒక గ్రాము పడింది. దాన్ని రోటవేటర్ అరడుగు లోతు మట్టిలో కలిపేసింది. ఆ గ్రాములోని బీజాల్లో ఎన్ని మీ మిరప వేరుకు తగిలి ఉంటాయి? తేడా కనపడలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

అయితే రేపటి నుంచి భాస్వరం సున్నా చేయమని అనను. కార్డులో 'ఎక్కువ' వస్తే సిఫార్సు మోతాదులో 30 శాతం తగ్గించమని మన దగ్గర నియమం. 24 కిలోల్లో ఆ మేరకు తీసేస్తే 17 కిలోలు, అంటే ముక్కాలు బస్తా డీఏపీ. దాన్ని దుక్కిలో వేసి, ఆ తర్వాత పైపాటుగా గానీ, డ్రిప్పులో గానీ భాస్వరం పూర్తిగా ఆపండి. మీ భయానికి కారణం నాకు తెలుసు. డీఏపీ వేసిన వారానికే ఆకు నలుపెక్కి మొక్క నిగనిగలాడుతుంది. ఆ నిగనిగ చాలావరకు నత్రజనిది. బస్తాలో 9 కిలోల నత్రజని ఉంది మరి. ఆ 9 కిలోలు యూరియాగా వేస్తే బస్తాలో సగం కూడా అక్కర్లేదు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

ఏటా జింకు పిచికారీ చేస్తున్నారా? ఉత్తరంలో రాయలేదు గానీ చేస్తూనే ఉంటారనుకుంటున్నాను. భాస్వరం మితిమీరిన నేలలో జింకు లోపం రావడానికి ఒక కారణం ఈ శిలీంధ్రం వేళ్లలో తగ్గిపోవడమే. నేలలోని జింకును మొక్కకు అందించే మనిషిని మనమే ఇంటికి పంపించి, సంచుల్లో జింకు సల్ఫేటు కొనుక్కొస్తున్నాం. కోళ్ల ఎరువు విషయంలోనూ ఈ జాగ్రత్త కావాలి. సేంద్రియం కదా అని ఏటా ట్రక్కులకు ట్రక్కులు తోలితే అందులోని భాస్వరం కూడా పేరుకుంటుంది. పశువుల ఎరువుతోనూ, గొర్రెల మంద కట్టడంతోనూ మామూలుగా ఆ బాధ ఉండదు.

దుక్కి మాటకు వస్తే, మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ కొంత నిజమే చెప్పారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు మొక్కజొన్నతో చేసిన పరీక్షల్లో, మట్టిని కదపకుండా ఉంచిన చోట లేత మొక్కలు భాస్వరం ఎక్కువ తీసుకున్నాయి. కదిపిన చోట తక్కువ తీసుకున్నాయి. శిలీంధ్రం రెండు చోట్లా ఉంది. అయితే కదపని మట్టిలో పాత పంట నాటి పోగుల అల్లిక అలాగే ఉంది, కొత్త వేరు దానికి అతుక్కుంటే చాలు. కదిపిన చోట ఆ అల్లిక తెగిపోయింది, మొదటి నుంచి మళ్లీ కట్టుకోవాలి. నష్టం ముఖ్యంగా మొదటి నెలలోనే.

అలాగని వేసవి దుక్కి మానేయమనను. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కోశాలు ఎండకు చస్తాయి, తొలకరి వాన నేలలోకి ఇంకుతుంది. పురుగు ఉధృతంగా వచ్చిన ఏడాది దున్నండి, రానప్పుడు మానండి. నా కంప్లయింటు రోటవేటర్ మీద. ఒకసారి నాగలి, రెండుసార్లు గొర్రు, పైన రెండుసార్లు రోటవేటర్ పట్టించి మట్టిని పిండి చేయడం మిరపకు అక్కర్లేదు. నాటేది నారు, చల్లేది నువ్వులు కాదు.

దుక్కి కన్నా పెద్ద దెబ్బ మరొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మార్చి, ఏప్రిల్‌లో మిరప కట్టె పీకేశాక మళ్లీ ఆగస్టులో నాటేదాకా మీ చేలో పచ్చటి వేరు లేదు. ఎండు మట్టిలో వ్యామ్ బీజాలు, పాత వేరుముక్కల్లోని పోగులు నిద్రపోతాయి, ఎండ ఒక్కటే వాటిని పెద్దగా తుడిచిపెట్టదు. జూన్‌లో వానలు పడ్డాక మేలుకుంటాయి. అప్పుడు చుట్టూ వేరు లేదు, కలుపు మొలిస్తే గుంటక తోలి శుభ్రం చేస్తున్నాం. ఉన్న నిల్వ కొద్దికొద్దిగా కరిగిపోతుంది. వానలు పడ్డాక ఈ ఖాళీ మన దగ్గర రెండు మూడు నెలలే కాబట్టి ఓర్చుకోగలిగినంత. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నల్ల నేలల్లో తేమ నిల్వ కోసం ఏడాది, అంతకు మించి చేను ఖాళీగా ఉంచేవారు. ఆ తర్వాత వేసిన పొద్దుతిరుగుడు, మొక్కజొన్న గిడసబారి, భాస్వరం, జింకు లోపాలతో నిలబడిపోయేవి. తేమ నిండుగా ఉండి, పంట ఎందుకు ఎదగదో అక్కడి రైతులకు అంతు పట్టలేదు. 1980లలో పరిశోధకులు తేల్చింది, ఖాళీ కాలంలో వ్యామ్ పడిపోవడమే కారణమని.

అందుచేత తొలకరికి ముందు గానీ, మొదటి వానకు గానీ మీ చేలో ఏదో ఒకటి మొలవాలి. జనుము, పిల్లిపెసర, అలసంద, జొన్న, సజ్జ ఏవైనా సరే, అన్నీ వ్యామ్‌కు ఆశ్రయమిచ్చేవే. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్ (వానలకు ముందే పొడి నేలలో విత్తడం) పేరుతో నవధాన్యాలు చల్లిస్తున్నారు కదా, శిలీంధ్రం వైపు నుంచి చూస్తే అది మంచి పని. ఆ పద్ధతిలోని మిగతావన్నీ మీరు ఒప్పుకోనక్కర్లేదు. నలభై, యాభై రోజులు పెంచి నారు నాటడానికి రెండు వారాల ముందు కలియదున్నండి. విత్తన మిశ్రమంలో ఆవాలు, తోటకూర ఎక్కువ ఉండకుండా చూసుకోండి. ఆవ, క్యాబేజీ, ముల్లంగి జాతికీ, తోటకూర, పాలకూర జాతికీ ఈ శిలీంధ్రంతో పొత్తు లేదు. కొద్దిగా ఉంటే ఫరవాలేదు.

డెల్టాలో వరి తర్వాత జీరో టిల్లేజ్ మొక్కజొన్న వేసే రైతులు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. దున్నలేదు కాబట్టి మా నేలలో వ్యామ్ భద్రం అనుకోవద్దు. నెలల తరబడి నీరు నిలిచిన మడిలో అది అప్పటికే తగ్గి ఉంటుంది. అమెరికాలో 1993 వరదలకు మునిగి ఖాళీగా ఉండిపోయిన చేలల్లో మరుసటి ఏడు మొక్కజొన్న ఊదారంగుకు తిరిగి గిడసబారింది, కారణం ఇదే. పైగా నీటి కింద కరిగి ఉన్న భాస్వరం మడి ఆరగానే మళ్లీ బిగుసుకుంటుంది. అక్కడ విత్తనం పక్కన కాస్త భాస్వరం వేయడం అవసరమే. మిరప చేనుకు చెప్పిన పొదుపు ఆ పొలానికి వర్తించదు.

కార్బెండజిమ్ సంగతి. మొక్క మొదళ్లలో పోసే మందుల్లో వ్యామ్‌కు బాగా చేటు చేసేది ఇదే. శాస్త్రవేత్తలు తమ పరీక్షల్లో "వ్యామ్ లేని చోటు" కావాలనుకుంటే మట్టిలో బెనోమిల్ అనే శిలీంధ్రనాశిని పోస్తారు. ఆ బెనోమిల్ మట్టిలో మారి అయ్యేది కార్బెండజిమే. ట్రైకోడెర్మాకు కూడా ఇది పడదు. కాబట్టి ఒక వారం ట్రైకోడెర్మా, మరుసటి వారం కార్బెండజిమ్ పోస్తే రెండు ఖర్చులూ వృథా. అసలు ముందు తెగులేదో తెలుసుకోవాలి. వడలిన మొక్కను పీకి మొదట్లో కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం ఎండు తెగులు. నారుమడిలో కాండం నేలకు ఆనే చోట మెత్తబడి వాలిపోతే అది నారుకుళ్లు, దాని మీద కార్బెండజిమ్ అసలు పనే చేయదు. దానికి వాడే మెటలాక్సిల్ వ్యామ్ జోలికి పోదు, ఎందుకంటే నారుకుళ్లు తెచ్చే పిథియం అసలైన శిలీంధ్రాల జాతిది కాదు. ఎండు తెగులు నిజంగా పాకుతుంటే మాత్రం శిలీంధ్రం మీద జాలిపడి పంట పోగొట్టుకోవద్దు. ఆ మొక్కల చుట్టూ మాత్రమే మందు పోయండి, చేనంతా డ్రిప్పులో ఎక్కించకండి. కాయకుళ్లుకు ఆకుల మీద కొట్టే మందులతో నేలలోని వ్యామ్‌కు పెద్దగా ఇబ్బంది లేదు, వాటిని ఆపొద్దు.

వ్యామ్ బస్తా పూర్తిగా దండగేనా అంటే కాదు, కానీ దాని చోటు చేను కాదు, నారు. మీరు కొనే షేడ్‌నెట్ నారు ట్రేలలో కొబ్బరి పొట్టులో పెరిగింది. అందులో మామూలుగా వ్యామ్ ఉండదు. బతుకులో మొదటి నలభై రోజులు ఆ వేరు ఒంటరిగానే పెరుగుతోంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బాగ్యరాజ్, శ్రీరాములు అనే శాస్త్రవేత్తలు 1982లోనే మిరప నారుకు ముందుగా వ్యామ్ పట్టించి చేలో నాటితే ఎదుగుదల, దిగుబడి మెరుగై భాస్వరం ఎరువు ఆదా అవుతుందని చూపించారు. 1986లో వాళ్లు ప్రకటించిన మరో పరీక్ష నల్లరేగడి నేలలోనే. మీ నర్సరీ ఆయనతో మాట్లాడి, మీ ట్రేలలో పొట్టు నింపేటప్పుడే వ్యామ్ కలిపించండి. ఆ ట్రేలకు కార్బెండజిమ్ పోయవద్దనీ, 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న నీటిలో కరిగే ఎరువు) అదే పనిగా పెట్టవద్దనీ ముందే చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే నాటేటప్పుడు గుంతలో, వేరుకు తగిలేలా వేయండి.

కొనేటప్పుడు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లేబుల్ మీద గ్రాముకు ఎన్ని సజీవ బీజాలో, తయారీ తేదీ, గడువు ఉండాలి. లేనిది ముట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో ఉడికిన బస్తా కూడా వద్దు.

సొంతంగా పెంచాలన్న మీ కోరిక మంచిదే, డ్రమ్ము బదులు గుంత తీయండి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతి ఇది: మీటరు పొడవు, మీటరు వెడల్పు, అడుగు లోతు గుంతలో నల్ల పాలిథిన్ పరిచి, 50 కిలోల వర్మిక్యులైట్‌లో (నర్సరీల్లో వాడే తేలికపాటి ఖనిజం) సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన మట్టి 5 కిలోలు కలిపి నింపాలి. పైనుంచి రెండు అంగుళాల లోపే కిలో వ్యామ్ పరిచి మొక్కజొన్న విత్తాలి. అరవై రోజులకు మొక్కలు కోసేసి, వేళ్లను సన్నగా తరిగి అదే మిశ్రమంలో కలిపితే 55 కిలోలు వస్తుంది. మట్టి శుద్ధి దగ్గర బద్ధకిస్తే వ్యామ్‌తో పాటు తెగులు కూడా పెంచుకున్నట్టే. మిరపనూ టమాటానూ ఆ గుంతలో పెంచవద్దు, వాటి తెగుళ్లే నారుకు ఎక్కుతాయి.

ఇంత చేసినా ఫలితం ఖాయమని ఎవరైనా అంటే నమ్మకండి. స్విట్జర్లాండ్‌లో 54 మొక్కజొన్న చేలల్లో వ్యామ్ వేసి చూశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. ఒక చేలో ఎదుగుదల 40 శాతం పెరిగింది, మరొక చేలో 12 శాతం తగ్గింది. ఏ చేలో పని చేస్తుందో చెప్పడానికి నేలలోని భాస్వరం లెక్క కన్నా తెగులు తెచ్చే శిలీంధ్రాల లెక్క బాగా పనికొచ్చింది. అవి ఎక్కువున్న చోట వ్యామ్ ఎక్కువ మేలు చేసింది. ఆ నేలలు వేరు, ఆ పంట వేరు. మీ చేను సంగతి మీ చేనే చెప్పాలి.

అందుకని ఈసారి నాలుగెకరాలూ ఒకేలా చేయకండి. వ్యామ్ పట్టించిన నారు కొన్ని సాళ్లు, పట్టించనిది కొన్ని సాళ్లు పక్కపక్కనే నాటండి. రెండింటికీ అదే ముక్కాలు బస్తా. ఇంకోవైపు అరెకరం మీ పాత పద్ధతిలోనే నాలుగు బస్తాల లెక్కన ఉంచండి, లేకపోతే ఆ భయం మిమ్మల్ని సీజనంతా వదలదు. ఆకు నిగనిగలు చూసి ఏమీ తేల్చుకోకండి. సాళ్లకు కర్రలు పాతి, ప్రతి కోతలో కాయను విడివిడిగా కళ్లంలో ఆరబెట్టి, తూకం వేసి రాసుకోండి. ఎరువుల బిల్లులు కూడా ఆ పుస్తకంలోనే పెట్టండి.